వరస తప్పిన జవాబులు

బాలత్రిపురసుందరి గారి పెద్దవాళ్లు ఎప్పుడో కాకినాడ నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. ఆవిడ నారాయణగూడలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఊరికే కూర్చోవడం ఆవిడ జాతకంలో లేదు. రోజూ మధ్యాహ్నం అశోక్‌నగర్‌లోని నా పోటీ పరీక్షల స్టడీ హాలుకొస్తారు. చదువులో చురుగ్గా ఉండి, మనసు సలసలా కాగే పిల్లల్ని ఏరి మెట్ల మీద కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. ఫీజూ లేదు, బోర్డూ లేదు. 'ఏడవొద్దు' అనే మాట ఆవిడ నోట నేను వినలేదు.

మా హాల్లో రేణుకను మించిన తెలివైనవాళ్లు లేరు. ఒకసారి చదివితే పేజీ నంబరుతో సహా చెబుతుంది. మాక్ టెస్టులో ఒక్కటి తప్పితే మాత్రం పేపరు చించేసి, ఆ పూట మెస్సుకు పోయేది కాదు. కిందటి గ్రూప్-2లో ఒక ప్రశ్నను తప్పుగా ఇచ్చారని మండిపడి, దాన్ని వదిలేసింది. ఆ కోపంలో ఓఎంఆర్ షీటు మీద తర్వాతి జవాబును వదిలేసిన ప్రశ్న వరసలోనే దిద్దింది. అక్కణ్నుంచి వంద జవాబులు ఒక వరస పైకి జరిగాయి. బెల్లు కొట్టాక చూసుకుంది.

ఆ తర్వాత ఆ పిల్ల ఏడవలేదు, నవ్వలేదు. కుక్కిన పేనులా చదువుకునేది. "జర మంచిగైనవ్ రేణుకా" అని మెచ్చుకున్నది నేనే. మూడుసార్లు రాసి తప్పి, ఈ హాలు పెట్టుకున్నవాణ్ని. నిశ్శబ్దమంటే నాకు గౌరవం.

సుందరి గారు తల అడ్డంగా ఊపారు. "ఇది నెమ్మది కాదు శ్రీశైలం, మొద్దుబారిపోవడం. చూడు, మాక్ టెస్టుల్లో సగం ఖాళీగా ఇస్తోంది." ఈసారి గ్రూప్-2కు పదిహేను రోజులే ఉన్నాయి.

"ఎలా ఉందమ్మా?" అని రేణుకను రోజూ అడిగేవారు.

"ఏం లేదు మేడం."

వారం రోజులూ అదే జవాబు. ఎనిమిదో రోజు ఆవిడ కిందటి ప్రశ్నపత్రం, ఒక ఖాళీ ఓఎంఆర్ షీటు తెచ్చి ముందు పెట్టారు. "ఆ రోజు దిద్దినట్టే దిద్దు. తప్పు వరసలోనే."

నాకు కోపమొచ్చింది. పుండు మీద కారం చల్లడం కాదా ఇది? రేణుక మారు మాట్లాడకుండా దిద్దసాగింది. పది, ఇరవై, ముప్పై. ఉన్నట్టుండి పెన్ను ఆగింది.

"ఇవన్ని నాకొస్తయ్ మేడం! అన్ని ఒస్తయ్! గిట్లెందుకు జేసిన నేను!" అని అరిచి షీటు చించబోయింది.

"చించకు. ఎక్కడ మండుతోంది?"

"గొంతుల."

"మండనీ. పాదాలు నేలకు ఆనించి ఊపిరి మెల్లగా వదులు. తగ్గేదాకా నేనిక్కడే ఉంటాను. తగ్గాక మిగతావి సరైన వరసలో దిద్దు."

రేణుక వెక్కి వెక్కి ఏడ్చింది. పావుగంట పట్టింది. తర్వాత కళ్లు తుడుచుకుని పెన్ను తీసింది. ఒక్కటీ ఖాళీ వదల్లేదు.

నేను నీళ్లిచ్చి వెళ్లబోతుంటే సుందరి గారు అడిగారు. "నువ్వు చివరిసారి రాసి ఎన్నేళ్లయింది శ్రీశైలం?"

"పన్నెండేండ్లు మేడం. ఒక్క మార్కుల పోయింది." ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాను.

ఆవిడ జరిగి, మెట్టు మీద నాకు చోటిచ్చారు. నాకు భయమేసింది. లోపల ఫ్యాను బాగుచేసేది ఉందని చెప్పి వచ్చేశాను. ఫ్యాన్లన్నీ బాగానే తిరుగుతున్నాయి.