భీమేశ్వరరావు గారి "ఇటు చూడకండి"

భీమేశ్వరరావు గారి ముందు నిలబడి, జుట్టు సర్దుకుని, కాస్త నవ్వితే చాలు, ఆయన కెమెరా దించేస్తారు. ఫొటోలంటే ఆయనకి ప్రాణం. ఫొటోకని నిలబడ్డ మనిషంటే మాత్రం ఒళ్ళుమంట.

విడ్డూరమేమిటంటే, అరబ్బుదేశంలో ఫహాహీల్ ఊళ్ళో స్టూడియోలో ఇరవై రెండేళ్ళుగా ఆయన ఉద్యోగమే మనుషుల్ని నిలబెట్టి తీయడం. ఇఖామా అనే నివాస అనుమతి కార్డుకీ పాస్‌పోర్టుకీ ఫొటో కోసం వచ్చినవాళ్ళకి రోజూ "గడ్డం పైకి. నవ్వద్దు. కదలద్దు. ఖలాస్!" అని చెప్పీ చెప్పీ, సాయంత్రం ఫింటాస్‌లో కూతురింటికి చేరగానే వేరే మనిషైపోతారు. "ఇటు చూడకండర్రా! నేను లేననుకోండి!" అంటూ మనవరాలు అమ్ములు వెనకా, నాలుగేళ్ళ చిన్నోడి వెనకా మోకాళ్ళ మీద పాకుతారు.

చిన్నోడి పుట్టినరోజున కూతురు పద్మశ్రీ అందరినీ కేకు వెనక వరసగా నిలబెట్టి చూస్తే, తండ్రి లేరు.

"నాన్నేరమ్మా?"

"బల్ల కింద చూడు," అన్నారు భార్య బుల్లెమ్మ గారు తల తిప్పకుండానే.

అక్కడే ఉన్నారు. కేకు కోసిన ఫొటో ఒక్కటీ రాలేదు. చెవిదాకా క్రీము పూసుకుని, చెంచా కోసం అక్కతో కొట్టుకుంటున్న చిన్నోడు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాడు. అదీ నలుపు తెలుపులో.

"ఎర్ర పట్టుచీర కట్టుకున్నానండీ! బూడిద రంగులో పడింది," అన్నారు బుల్లెమ్మ గారు.

"రంగుల రీలైతే బయట ఇవ్వాలే. ఇదైతే నేనే కడుక్కోవచ్చు."

ఆ కడగడం ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్నానాలగదిలో. ఎర్ర బల్బు వెలిగిందంటే ఇంటిల్లిపాదీ తువ్వాళ్ళతో గుమ్మంలో నిలబడాలి. అల్లుడు గారైతే ఒకసారి షాంపూ పట్టించిన తలని వంటింటి కుళాయి కింద పెట్టుకున్నారు.

2004 చలికాలంలో బుల్లెమ్మ గారికి గుండెల్లో రాయి పడింది. పిల్లలు కింద ఆవరణలో ఆడుకుంటుంటే తీసిన రీలు కడిగి ఆయన చూపించినవి రెండే ఫొటోలు.

"ముప్ఫయ్యారు తీసి, మనవడి మోచెయ్యి ఒకటి, మనవరాలి చెప్పు ఒకటి చూపిస్తారేంటండీ? మిగతావేవీ?"

"పాడైపోయాయే."

ఫొటో పాడైందన్న మాట ఆ నోట ఆవిడెప్పుడూ వినలేదు. చూపు మందగించిందేమో! చూపు పోతే ఉద్యోగం పోతుంది, ఇఖామా పోతుంది. రెండు మూడు వారాలు బెంగపడి, ఆఖరికి కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్దామని ఆవిడ చెప్పులు వేసుకుంటుండగా తలుపు మోగింది.

ఎదురు విల్లాలో పిల్లల్ని చూసుకునే సంజీవమ్మ. రాయచోటి వైపు మనిషి. మెట్లన్నీ పరుగున ఎక్కొచ్చింది.

"అన్న ఉండాడా అక్కా? నా మనవరాలు మాట్లాడినాది!"

"ఎప్పుడూ మాట్లాడదా ఏంటి?"

"యాడ మాట్లాడతాదీ! నేనొచ్చి ఐదేండ్లాయె. ఊర్లో మా ఇంట్లో నాది ఇఖామా ఫొటో ఒగటే ఉండాది. దాన్ని చూసి 'ఆ యమ్మంటే నాకు బయం' అని ఫోను దగ్గరికే రాదు. అన్నతో చెప్పుకొని ఏడిస్తే, 'ఆ మొగం పెట్టించింది నేనేలేమ్మా' అన్నాడు. మళ్ళ ఇవి తీసిచ్చి, 'నీకిష్టమైతేనే పంపు, లేకుంటే చింపెయ్' అన్నాడు."

ఆవిడ చేతి కవరులో, ఊరికి నాలుగు పంపగా మిగిలినవి, ముప్ఫై దాకా ఫొటోలు. కళ్ళకి గంతలు కట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతూ, చేతులు చాచి పిల్లల కోసం వెతుకుతున్న సంజీవమ్మ. ఒక అంచున అమ్ములు జడ, ఇంకో అంచున చిన్నోడి మడమ.

"పంపినవి చూసి ఏమనిందో తెల్సునా అక్కా? 'అవ్వా, నేను దాక్కుంటే నన్ను గూడా పట్టుకుంటావా?' అనింది."

బుల్లెమ్మ గారు భర్త వైపు తిరిగారు. ఆయన సీలింగు ఫ్యాను చూస్తున్నారు.

"నాతోనైనా చెప్పకూడదా?"

"చెబితే నువ్వు ఆవిణ్ణి పట్టుచీర కట్టుకు రమ్మంటావు."

ఆ శుక్రవారం సంజీవమ్మ తనతోపాటు, తనలాగే ఇళ్ళల్లో పనిచేసే మస్తాన్ బీనీ జమీలా బీనీ తీసుకొచ్చింది. పౌడర్లు రాసుకుని, ముగ్గురూ కింద ఆవరణలో గోడ వారన బిగుసుకుని నిలబడ్డారు. భీమేశ్వరరావు గారు నిట్టూర్చి కెమెరా దించేశారు.

"అలా నిలబడితే ఆయన తియ్యరమ్మా!" అంటూ బుల్లెమ్మ గారు కొంగు దోపుకుని దిగొచ్చారు. "చిన్నోడా, పరిగెత్తరా! పట్టుకోండమ్మా వాణ్ణి, యల్లా, పదండి!"

ముగ్గురూ కేకలేస్తూ వెంటబడ్డారు. చిన్నోడు కారు చుట్టూ తిరిగి, మస్తాన్ బీ చేతికింద నుంచి జారిపోయాడు. "అటు కాదు, ఇటు!" అని అరుస్తూ పది అడుగులు వేశాక గానీ, తను కూడా పరిగెడుతున్నానని బుల్లెమ్మ గారికి తెలియలేదు.