పైనుంచి దిగిన వైరు

అర్థశాస్త్రం చదివినవాడితో కలిసి ఒకే ఇంట్లో అద్దెకుండకూడదని మా రెండో అంతస్తు అన్న అనేవాడు. ఆ చదివినవాణ్ణి నేనే. ఆ మాట నాకు పొగడ్తలాగానే వినిపించేది.

కరోల్ బాగ్‌కి మెట్రో రైలు కొత్తగా వచ్చిన రోజులవి. సివిల్స్ పరీక్షల కోసం వచ్చిన ముగ్గురు తెలుగువాళ్లం ఒక సన్నటి ఇంట్లో అంతస్తుకొకరం ఉండేవాళ్లం. మొదటి అంతస్తులో గుంటూరు నుంచి వచ్చిన నేను, రెండో దాంట్లో నల్గొండ అన్న, మేడ మీద రేకుల గదిలో అనంతపురం తమ్ముడు. ఇంటి నుంచి అందరికంటే తక్కువ డబ్బు వచ్చేది తమ్ముడికే. అయినా రోజూ సైబర్ కెఫేకి వెళ్లి, గంట లెక్కన డబ్బు కట్టి, పేపర్లన్నీ చదివి వచ్చేవాడు. రాత్రి భోజనానికి పిలిస్తే మాత్రం వారానికి నాలుగు రోజులు కడుపులో బాగలేదనేవాడు. నీళ్లు మరగబెట్టుకుని తాగమని నేను చెప్పేవాణ్ణి. సలహాలకి నా దగ్గర ఎప్పుడూ లోటు లేదు.

ఇంట్లోనే ఇంటర్నెట్ పెట్టించుకుందామన్న ఆలోచన అతనిదే. ఊరికి వెళ్లిపోతూ ఒక సీనియర్ వదిలేసిన పాత కంప్యూటర్ అతని గదిలో ఉంది. మా ఇద్దరికీ ఎలాగూ ఉన్నాయి. నెలనెలా కట్టేది ముగ్గురం సమానంగా కట్టాలనుకున్నాం, అందులో పేచీ లేదు. పేచీ వైరు దగ్గర వచ్చింది. కేబుల్ భయ్యా ఫోనులో అంతస్తుకి మూడు వందల చొప్పున మొత్తం తొమ్మిది వందలన్నాడు.

"గిండ్ల ఏమున్నది, తలా మూడు వందలు" అన్నాడు అన్న.

అంతకు వారం ముందే నేను గేమ్ థియరీ పుస్తకంలో ఒక అధ్యాయం చదివాను. నలుగురు కలిసి పెట్టుకున్న ఖర్చులో ఎవరి వాటా ఎంతో న్యాయంగా తేల్చే పద్ధతి అది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వెంటనే మూడు చీటీలు చించి మూడు గదుల పేర్లు రాశాను.

"ముందు ఎవరి చీటీ వస్తే వాళ్లు తమ గది దాకా వైరుకి కట్టాలి. తర్వాత వచ్చినవాళ్లు ఇంకా ఎంత పొడవు కావాలో అంతవరకే కట్టాలి. చీటీలు ఎన్ని వరసల్లో వస్తాయో అన్నీ వేసి సగటు తీస్తే, అదే న్యాయం" అన్నాను.

ఆరు వరసలూ వేసి చూపించాను. నా గది దాకా వచ్చే ముక్కని ముగ్గురం వాడుకుంటాం కాబట్టి దాని ఖర్చు ముగ్గురిదీ. ఆ పై ముక్క ఇద్దరిది. చివరి ముక్క మేడ మీదివాడొక్కడిది. నాకు వంద, అన్నకి రెండు వందల యాభై, తమ్ముడికి ఐదు వందల యాభై తేలింది.

తమ్ముడు కాగితం మీది అంకెలన్నీ మళ్లీ కూడి చూసుకున్నాడు. "లెక్క సరిగానే ఉండాదన్నా. నాకొద్దులే, నేను కెఫేకే పోతా" అన్నాడు.

"సమానంగ పంచుకుంటే నీ సొమ్మేం పోతది?" అంటూ అన్న నా మీద లేచాడు.

"సమానం వేరు, న్యాయం వేరు అన్నా" అన్నాను. ఆ వాక్యం ఎంత బాగా కుదిరిందో అని లోలోపల మురిసిపోయాను కూడా.

చివరికి రెండు నెలల్లో కట్టేలా అన్నే తమ్ముణ్ణి ఒప్పించాడు. నేను ఊరుకున్నానా? వైరు ఎవరికి దగ్గరైతే వాళ్లకి తక్కువ, ఎవరికి దూరమైతే వాళ్లకి ఎక్కువ, ఇందులో మార్పు లేదని రాసి ముగ్గురి సంతకాలూ పెట్టించాను.

మర్నాడు పొద్దున కేబుల్ భయ్యా వైరు చుట్ట భుజానికి తగిలించుకుని వచ్చాడు. నా గది దగ్గర ఆగకుండా మెట్లెక్కిపోతుంటే వెనకే పరిగెత్తాను.

"భయ్యా, యహాఁ! నీచే సే!" అన్నాను, కింది నుంచి మొదలుపెట్టమని.

"నీచే కహాఁ, భాయ్‌సాబ్? లైన్ తో ఛత్ సే ఆతీ హై" అని అతను పక్కింటి మేడ మీదున్న పెట్టె చూపించాడు. లైను వచ్చేది పైనుంచేనట.

తలెత్తి చూశాను. మేడ నుంచి మేడకి ఆకాశం నిండా వైర్లే. రెండేళ్లుగా వాటి కిందే నడుస్తున్నాను. ఇంటర్నెట్ కూడా నీళ్ల పైపులాగా నేల నుంచి పైకెక్కుతుందని ఎందుకనుకున్నానో నాకే తెలియదు. ఆ పెట్టెని రోజూ చూసే తమ్ముడికీ అనుమానం రాలేదు. లెక్క వేసింది నేను కాబట్టి సరిగానే ఉంటుందనుకున్నాడట.

అన్న మెట్ల మీద కూలబడి నన్ను చూసి నవ్వుతున్నాడు. "చీటీలు తియ్యి తమ్మీ, మల్ల ఎయ్యి."

వెయ్యక్కర్లేదు. లెక్క అదే, తలకిందులైందంతే. తమ్ముడికి వంద, నాకు ఐదు వందల యాభై. సిగ్గు విడిచి "పోనీ, సమానంగానే పంచుకుందామా?" అన్నాను.

"సమానం వేరు, న్యాయం వేరు అన్నా" అన్నాడు తమ్ముడు, అచ్చం నా గొంతుతోనే.

కట్టాను. నెలాఖరుకి జేబు ఖాళీ. నెలకో ఆదివారం ముగ్గురం అశోకా రోడ్‌లో ఆంధ్ర భోజనానికి వెళ్లడం మాకు అలవాటు. అక్కడ ఎంత తిన్నా ఒకటే ధర, ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు. ఆ ఆదివారం నన్ను పిలవడానికి తమ్ముడు కిందికి వచ్చాడు. డబ్బుల్లేవని చెప్పడానికి నోరు రాలేదు.

"కడుపులో బాగలేదురా, మీరెళ్లండి" అన్నాను.

అతను గుమ్మంలోంచి కదల్లేదు.

"నాకూ ఆ నొప్పే వస్తాండె. వైరొచ్చినాక తగ్గిపోయిందిలే" అన్నాడు. "చెప్పులేసుకోన్నా. ఈ పొద్దు నీ భోజనం నాది."

నీళ్లు మరగబెట్టుకుని తాగమన్న నా సలహా గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. చెప్పులేసుకున్నాను.