సన్నబడుతుంటే ఇంట్లో పుట్టిన భయం

మహంకాళి గుడిలో దర్శనం వరుస వదిలి మూత్రానికి పరుగెత్తాను. తీరా వెళ్తే ధార రాలేదు. వయసు ప్రభావం అనుకున్నాను. తరచుగా అలాగే అవుతుండడంతో యూరాలజిస్టుకు చూపించుకున్నాను. రక్తపరీక్షలో ప్రోస్టేట్ గ్రంథి సంగతి చెప్పే పీఎస్ఏ ఎక్కువగా ఉంది. ఎమ్మారై, బయాప్సీ తర్వాత ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది.

"గడ్డ బయటికి పాకలేదు, ఆపరేషన్ చేద్దాం" అన్నారు డాక్టర్. నా పొట్ట చూసి, "ఈ బరువుతో ఆపరేషన్ తర్వాత మూత్రం కంట్రోల్ లేటుగా వస్తుంది సర్. క్యాన్సర్ తిరిగొచ్చే రిస్క్ కూడా కొంచెం ఎక్కువ. తగ్గాలి" అన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూత్రానికి పెట్టిన క్యాథెటర్ గొట్టం తీశాక దగ్గినా, కుర్చీలోంచి లేచినా మూత్రం కారి బట్టలు తడిసేవి. ప్యాడ్‌తో నలుగురిలో కూర్చోలేక గడప దాటడం మానేశాను. ఇంట్లో మాత్రం బలం రావాలని పొద్దున మేకకాళ్ల పాయా, మధ్యాహ్నం నెయ్యన్నం. బరువు పెరిగింది.

రివ్యూలో డాక్టర్, "మూత్రం ఆపుకునే కండరాలకు చేసే కెగెల్ ఎక్సర్‌సైజ్ ఒక్కటే చాలదు, పొట్ట బ్లాడర్‌ను నొక్కుతోంది" అన్నారు. అప్పుడు తిండి తగ్గించి నడక మొదలుపెట్టాను. చొక్కాలు వదులయ్యాయి. లీకేజీ కూడా కొంత తగ్గింది.

మాదన్నపేట మార్కెట్లో పాత ఆఫీసు మిత్రుడు యాదగిరి నన్ను ఆపాడు.

"ఏందన్నా గిట్లయినవ్? మళ్ల వచ్చిందా ఏంది?"

"నేనే తగ్గించుకుంటున్న భాయ్."

నమ్మలేదు. సాయంత్రం భార్యతో పాటు పండ్లు పట్టుకొని పరామర్శకు వచ్చాడు. క్యాన్సర్ మనిషి సన్నబడితే మా గల్లీలో దానికి ఒకటే అర్థం.

ఆ తర్వాత బరువు తగ్గడం ఆగిపోయింది. రోజూ డైరీలో రాస్తాను గనుక వెంటనే గమనించాను. ఒకరోజు ఆలస్యంగా భోజనానికి కూర్చుంటే, చల్లారిన పప్పు మీద నెయ్యి పేరుకొని ఉంది. రోజూ వేడి పప్పులో నాకు తెలియకుండా నెయ్యి కలుపుతున్నావా అని నా భార్య సుగుణను అడిగాను.

"మీరు గట్ల కరిగిపోతుంటే నేనెట్ల సూస్కుంట ఊకుంట?" అంటూ ఏడ్చింది.

తర్వాతి రివ్యూకు ఆమెను వెంట తీసుకెళ్లాను. డాక్టర్ రిపోర్టు చూపించారు.

"పీఎస్ఏ చూడండమ్మా, దాదాపు లేనట్టే. ఇది ఆయన నడిచి తగ్గించుకున్న బరువు. కారణం లేకుండా తగ్గితే మాత్రం వెంటనే రండి."

"అయితే నెయ్యి బంద్ చెయ్యాల్నా డాక్టర్ సాబ్?"

"బంద్ వద్దు. చెంచా చిన్నది పెట్టండి."

సుగుణ నా వైపు తిరిగింది. "ఇన్నరా? బంద్ వద్దన్నరు!"

ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరం కలిసే నడుస్తున్నాం. ప్యాడ్ అవసరం దూరప్రయాణాలకే. పీఎస్ఏ పెరగలేదు, పరీక్షలు మాత్రం సాగుతూనే ఉంటాయి.

నాలాంటి ఆపరేషన్ అయినవారికి ఒక్క మాట. మొదటి రివ్యూకే మీ ఇంట్లో వంట చేసేవారిని వెంట తీసుకెళ్లండి. బరువెందుకు తగ్గాలో వాళ్లు డాక్టర్ నోటనే వినాలి.