ఊక బూడిద మీద అమ్మ చెయ్యి

పరీక్షకు వచ్చిన ఊక బూడిద సంచి మూతి విప్పితే చాలు, ఆ మసివాసనకు ఇప్పటికీ ఒకడుగు వెనక్కి వేస్తాను. బూడిద ఇటుకల్లోంచి వేడి ఎంత దాటుతుందో కొలవడం నా ఉద్యోగం. భయపడేంత పనేం కాదు, అయినా భయమే.

చండ్రుగొండ దగ్గరి పల్లెలో మాది తాటాకుల ఇల్లు. దసరా వస్తే అమ్మ పెరట్లో ఊక పొయ్యి కూరేది. రేకు డబ్బాలో నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ ఊక దట్టించి, సీసాను మెల్లగా పైకి లాగేస్తే మిగిలిన బొక్కలోంచి మంట లేచేది. అరిసెల పాకం, నువ్వుల చిటపటలు, ఎండ కాసిన టేకాకుల వాసన, పిండి ముట్టొద్దని నాయనమ్మ కేకలు, అన్నీ కలిసి ఇల్లంతా సందడిగా ఉండేది.

పండగ మర్నాడు బూడిద ఎత్తాలి. అంట్లకు కొంత, పేను పట్టిన చిక్కుడు పాదుకు కొంత. ఎత్తే ముందు అమ్మ అరచెయ్యి ఆనించి చూసేది. ఆ ఏడూ ఆనించింది, నేను చూశాను. "సల్లగైంది" అనుకుంటూ డబ్బాను గోనె సంచిలోకి బోర్లించి, చూరు కింద పెట్టి బోరింగు దగ్గరికి పోయింది.

లోపల ఉయ్యాలలో ఇంకా పేరు పెట్టని నా చెల్లెలు. సంచి మూతి ఎర్రబడింది, మంట చూరందుకుంది. అమ్మ బిందె పారేసి పరుగెత్తుకొచ్చి, మండుతున్న గుమ్మంలో దూరి, ఉయ్యాల బట్టతో సహా పిల్లను లాక్కొచ్చింది. చెల్లెలికి ఏమీ కాలేదు. ఇల్లు దక్కలేదు.

"సూడకుంటనే ఎత్తింది" అని నాయనమ్మ ఊరంతా చెప్పింది. "సల్లగనే ఉండె అత్తమ్మా" అని అమ్మ అంటే నమ్మలేదు, చనిపోయేదాకా నమ్మలేదు. చివరికి అమ్మకే తన చెయ్యి మీద నమ్మకం పోయింది. మాకు జ్వరమొస్తే నుదురు తాను పట్టుకోకుండా నాన్నను పట్టి చూడమనేది.

ఉద్యోగంలో మొదటిసారి కొలిచినప్పుడు నేను అదిరిపడ్డాను. కింద వేడిచేసే పలక భగభగమంటోంది, బూడిద ఇటుక పైభాగం మాత్రం చల్లగా ఉంది! మొన్న అమ్మను మా ల్యాబుకు తీసుకొచ్చి అదే చూపించాను. బూడిద నిండా సన్నని గాలి గూళ్లుంటాయని, అవి వేడిని పైకి రానివ్వవని చెప్పాను.

"అంటే ఆ దినం నా చెయ్యి తప్పు జెప్పలే?"

"చెప్పలేదమ్మా. పైన చల్లగానే ఉంది, నిప్పు అడుగునుంది. డబ్బా బోర్లించేసరికి అది పైకొచ్చి సంచికి అంటుకుంది."

ఇప్పుడు మా ఊళ్లో తాటాకు ఇళ్లు లేవు, ఊక పొయ్యిలు లేవు. అమ్మ చాలాసేపు అరచెయ్యి చూసుకుంది.

"గీ ముచ్చట మీ నాయనమ్మ ఉన్నప్పుడు తెల్వకపాయె" అంది.