ప్లగ్ పీకిన తర్వాత

పిల్లలకు సైన్స్ నేర్పేవాళ్లు శాంతమూర్తులై ఉంటారని అందరూ అనుకుంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ప్లెయిన్స్‌బరోలో మా తెలుగు చర్చి పిల్లలకు శనివారాలు ఇంజనీరింగ్ నేర్పే పని నా నెత్తిన పడింది. నేను పవర్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్‌ని. ఆఫీసులో రోజంతా హై వోల్టేజ్‌తోనే కాపురం. "ఊరికే బోర్డు మీద చెప్పకండక్కా, చేతులతో ఏదైనా చేయించండి" అన్నారు తల్లులు. సరేనని పిల్లల చేత పాత సామాన్లు విప్పించడం మొదలుపెట్టాను.

సామాన్లకు కొదవ లేదు. నెలాఖరు వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్లలో ఎవరో ఒకరు ఇల్లు ఖాళీ చేస్తారు. ప్రాజెక్ట్ అయిపోయి ఒకరు, కొత్త ఉద్యోగానికి టెక్సాస్ వెళ్తూ ఇంకొకరు. కారులో పట్టనివన్నీ డంప్‌స్టర్ అనే పెద్ద చెత్తపెట్టె పక్కన పెట్టేసి పోతారు. టేబుల్ ఫ్యాన్లు, ప్రింటర్లు, టోస్టర్లు. మా పిల్లలు వాటిని పండగలా మోసుకొచ్చేవాళ్లు. నేను పెట్టిన నియమం ఒక్కటే. క్లాసు మొదలవ్వగానే దాన్ని అందరి చేతా గట్టిగా అనిపించేదాన్ని: ముందు ప్లగ్ పీకాలి, ప్లగ్ పీకితే ఇక భయం లేదు.

ఫ్యాన్‌కీ టోస్టర్‌కీ ఆ మాట సరిపోతుంది.

ఆ పిల్లల్లో మిడిల్ స్కూల్ చదివే అమ్మాయి ఒకతె ఉండేది. అందరికంటే చురుకు. స్క్రూ కనిపించకపోతే నా మీదే అరిచేది. తన కోపం అచ్చం నా కోపంలా ఉండేది కాబట్టి ఆ పిల్లంటే నాకు కాస్త పక్షపాతం. వాళ్ల నాన్న మా చర్చిలో పెద్ద. ఒక ఆదివారం ఆయన ముందు నిలబడి ప్రార్థన మొదలుపెట్టాడు. అందరం కళ్లు మూసుకున్నాం. అప్పుడు ఆలస్యంగా వచ్చిన ఆ అమ్మాయి తల్లి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"పాప రాలేదేం?" అన్నాను గుసగుసగా.

"కడుపునొప్పి అందక్కా. ఉత్తిదే. నిన్న డంప్‌స్టర్ దగ్గర మైక్రోవేవ్ దొరికింది. అది ఓపెన్ చేయాలని ఇంట్లో ఉండిపోయింది." నా ముఖం చూసి నవ్వింది. "కంగారు పడకండి, ప్లగ్ పీకాకే విప్పుతుంది. మీరే చెప్పారుగా."

నేను చెప్పనిది ఒకటుంది. మైక్రోవేవ్‌లో పిడికిలంత కెపాసిటర్ ఒకటి ఉంటుంది. కరెంటును దాచిపెట్టుకునే డబ్బా అది. ప్లగ్ పీకినా ఒక్కోసారి అందులో కరెంటు అలాగే ఉండిపోతుంది. వేల వోల్టులు. చెయ్యి తగిలితే పెద్దవాళ్ల గుండె కూడా ఆగిపోతుంది.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. పక్కనున్న తల్లి హ్యాండ్‌బ్యాగ్ బుర్రుమని వణికింది.

"అబద్ధం ఆడిందని ఫోన్ లాక్కున్నానక్కా," అంది.

ముందు నిలబడిన ఆయన ప్రార్థన సాగుతూనే ఉంది. ప్రయాణాల్లో ఉన్నవారి కోసం, వీసా కష్టాల్లో ఉన్నవారి కోసం, ఆస్పత్రిలో ఉన్నవారి కోసం. మా చర్చిలో ఆమెన్ అనేదాకా ఎవరూ కదలరు. నేను లేచాను. కుర్చీ కీచుమంది. ఆవిడ చెయ్యి పట్టుకుని లేపి, "నడు" అన్నాను. నా గొంతు హాలంతా వినిపించింది.

కారులో సంగతి చెప్పాను. ఆవిడ "యేసయ్యా, యేసయ్యా" అంటూ ఏడుపు అందుకుంది. "ఏడవకు. తాళం చేతిలో పట్టుకో" అని కసిరాను. రూట్ వన్ హైవే సిగ్నల్ దగ్గర రెడ్ పడింది. అక్కడ ఆగి ఉన్నంతసేపూ ఆ పిల్ల వేళ్లే కళ్ల ముందు కదిలాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నా గురించి కూడా భయం వేసింది. ఆ పిల్లకేదైనా అయితే, ఆంటీ చెప్పినట్టే చేసింది అని వీళ్లంతా అంటారు. అది నిజం కూడా.

కారు ట్రంక్‌లోంచి నా టూల్ బ్యాగ్ లాక్కుని మెట్లెక్కాను. ఆవిడ చేతిలోంచి తాళం ఒకసారి జారి కిందపడింది. తలుపు తెరుచుకుంది.

అమ్మాయి కార్పెట్ మీద మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. మైక్రోవేవ్ మూత విప్పేసి ఉంది. తను స్క్రూడ్రైవర్‌తో లోపలికి వంగి ఉంది. తల్లి ఒక్క ఉదుటున పరిగెత్తబోయింది. నేను నడుం పట్టుకుని ఆపాను. వెనక నుంచి ముట్టుకుంటే ఆ పిల్ల ఉలిక్కిపడుతుంది, అరిచినా ఉలిక్కిపడుతుంది. జీవితంలో ఎన్నడూ నా నోట రానంత మెల్లగా అన్నాను:

"బంగారం, చేతులు బయటికి తియ్యి."

"ఆంటీ? చర్చ్ అయిపోయిందా?" తల తిప్పలేదు. "జస్ట్ వన్ స్క్రూ ఉంది."

"ఉండనీ. చేతులు బయటికి తీసి వెనక్కి జరుగు."

"వై? ప్లగ్ తీసేశాను. లుక్." స్క్రూడ్రైవర్‌తో వైరు వైపు చూపించింది. ఆ ఇనుప మొన తెరిచిన పెట్టె మీదుగా అటు వెళ్లి ఇటు వచ్చింది.

"తీశావు. వెరీ గుడ్. ఇప్పుడు నా దగ్గరికి రా."

గొణుక్కుంటూ లేచి వచ్చింది. తల్లి ఆ పిల్లను గట్టిగా హత్తుకుని కింద కూలబడిపోయింది.

"ప్లగ్ ఎప్పుడు తీశావు?" అని అడిగాను.

"ఇప్పుడే. ఫస్ట్ ఆన్ చేసి చూశాను. ప్లేట్ తిరిగింది, బట్ వేడి అవ్వలేదు." అంటే ఆ డబ్బాలో కరెంటు ఇప్పుడే నిండింది.

రబ్బరు గ్లవ్స్ వేసుకున్నాను. లోపలి కరెంటు ఖాళీ అయ్యేలా నా స్క్రూడ్రైవర్‌తో ఆ కెపాసిటర్ రెండు కొసలూ కలిపాను. టపాకాయ పేలినట్టు పెద్ద చప్పుడు. నీలం మంట ఎగిరింది. వెనక తల్లీకూతుళ్లిద్దరూ కెవ్వుమన్నారు. స్క్రూడ్రైవర్ కొస నల్లగా కాలి సొట్ట పడింది.

అమ్మాయి కార్పెట్ మీద పడి ఉన్న ప్లగ్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"బట్ యూ సెడ్," అంది.

"నేను చెప్పింది తప్పు," అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆ పిల్ల నన్ను ఓదార్చలేదు, నేనూ ఓదార్చమనలేదు.

క్లాసు మానేద్దామనుకున్నాను. ఆ అమ్మాయి నాన్నే మానొద్దన్నాడు. తర్వాతి శనివారం జంకుతూనే వెళ్లాను. ఒక పాత హెయిర్ డ్రయ్యర్ బల్ల మీద పెట్టి, "దీన్ని ముట్టుకోవచ్చు" అన్నాను. పిల్లలందరూ ఒక్కసారి చేతులు చాపారు. ఆ అమ్మాయి మాత్రం పక్కనున్న చిన్నదాని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆర్ యూ షూర్, ఆంటీ?" అంది.

ఇదివరకైతే కసిరేదాన్ని. ఆ డ్రయ్యర్ మళ్లీ నా చేతిలోకి తీసుకున్నాను. నాకు బాగా తెలిసిన వస్తువే. అయినా అందులో నేను మర్చిపోయిందేమైనా ఉందా అని భయంభయంగా తిప్పి చూస్తుంటే, పిల్లలంతా నా నోటివైపే చూస్తూ నిలబడ్డారు.