వీధి గుమ్మం దగ్గర చెప్పిన మాట

పిన్నిగారి చేతులు నేను చూశాను. రిజిస్టరులో మాత్రం రాయలేదు. అడిగినవాళ్లకల్లా "ఆవిడ నాతో ఏమీ చెప్పలేదండీ" అన్నాను. అది అబద్ధం.

మా ఊరి చివర రొయ్యలు శుభ్రం చేసి ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజరుగా చేసేవాణ్ణి. అక్కడ కడిగిన నీళ్లు వెనక మురుగు కాలవలోకి పోతాయి. కాలవ గట్టునే పిన్నిగారి కొబ్బరితోట, ఇల్లు, బోరు. ఆవిడ చుట్టం కాదు, ఊరి వరసకి పిన్ని. చుట్టుపక్కలవాళ్ల ఆరోగ్యం మీద ఒక కన్నేసి ఉంచడానికని కంపెనీ మూడు నెలలకోసారి సర్వే చేయించేది. ఒక నర్సమ్మ, నేను, ఒక రిజిస్టరు.

మా వైపు ఒక పద్ధతుంది. ఇంటికొచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని ఎలా ఉన్నారని అడిగితే ఎవరూ కష్టం చెప్పుకోరు. బొండం కొట్టి చేతికిచ్చి "ఆయ్, బాగానే ఉన్నామండీ" అంటారు. అసలు సంగతి సాగనంపేటప్పుడు, వీధి గుమ్మం దగ్గర బయటపడుతుంది. అప్పటికి మా రిజిస్టరులో 'ఇబ్బంది లేదు' అని పడిపోయి, కింద వాళ్ల సంతకం కూడా అయిపోయేది.

పిన్నిగారూ అంతే. గుమ్మం దగ్గర కొంగు చాటునుంచి చేతులు తీసి చూపించారు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది.

"బోరు నీళ్లు తగిలితే మంటండీ బాబూ. మీ కాలవ వల్లేమో. కాస్త రాయండి."

"చూద్దాం లెండి పిన్నిగారూ" అన్నాను. రిజిస్టరు నా చంకలోనే ఉంది.

పోను పోను నాకు అనుమానం పట్టుకుంది. సర్వే ఎప్పుడూ ఫ్యాక్టరీ ఆపేసిన వారంలోనే ఎందుకు? సర్వేతోపాటు పరీక్షకి పట్టే నీళ్లు కాలవ పక్క బోర్లలోంచి కాక పంచాయతీ ట్యాంకులోంచే ఎందుకు? ఇంతమందిలో నన్నే ఎందుకు పంపినట్టు? మేనేజరు ఒకసారి నవ్వుతూ, "మీవాళ్లకి మొహమాటం ఎక్కువ కదండీ, మీరైతే పని తొందరగా తెములుతుంది" అన్నాడు. అప్పుడది మెచ్చుకోలనుకున్నాను.

కాలవ గట్టు ఇళ్లకి కంపెనీయే మంచినీళ్ల కుళాయిలు వేయించాలని పిన్నిగారు అర్జీ పెట్టారు. విచారణకి ఒక అధికారి పంచాయతీ ఆఫీసుకి వచ్చారు. మేనేజరు రిజిస్టరు తెరిచి పిన్నిగారి ముందు పెట్టాడు.

"ఈ సంతకం మీదేనాండీ?"

"ఆయ్, నాదేనండి. కానీ..."

"ఇబ్బంది లేదనే కదా ఉంది?"

వెనకనుంచి ఎవరో, "కుళాయి అనేసరికి దురద పుట్టుకొచ్చిందండోయ్!" అన్నారు. నవ్వులు. పిన్నిగారు నావంక చూశారు. నేను ఫ్యాను వంక చూశాను. అర్జీ పక్కన పడింది.

నాకు నోరు రావడానికి ఏడాది పట్టింది. ఉద్యోగం మానేశాను. ఏ ఇంటి గుమ్మం దగ్గర ఎవరేమన్నారో గుర్తున్నంతవరకూ కాగితం మీద పెట్టి ఆ అధికారికి ఇచ్చాను. "ఎవరు రాయించేరు మీచేత?" అని మేనేజరు ఫోన్ చేశాడు. అనుమానపడటం ఇప్పుడు అతని వంతు. అర్జీ మళ్లీ తెరుస్తారో లేదో తెలియదు.

ఫోన్ పెట్టేసి నేరుగా పిన్నిగారింటికి వెళ్లాను. బొండం కొట్టడానికి కత్తి అందుకోబోయారు. వేళ్లకి గుడ్డ చుట్టి ఉంది.

"వద్దండీ, కూర్చోను" అన్నాను గుమ్మంలోనే నిలబడి.

"ఏం బాబూ, ఈసారి పుస్తకం తేలేదా?"

"లేదండీ. ఆ రోజు మీరిక్కడే చెప్పేరు. నేను విన్నాను, చేతులూ చూసేను. పుస్తకం మళ్లీ తెరిచి రాయాల్సింది. రాయలేదు. పంచాయతీలో మిమ్మల్ని అబద్ధాలకోరుని చేస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. అడిగినవాళ్లకి మీరేమీ చెప్పలేదన్నాను. తప్పు నాదే పిన్నిగారూ. నన్ను క్షమించండి."