అరిగిన అర్ధరూపాయి

మా టెలిఫోన్ మెకానిక్ చేతికి ఏ నాణెం వచ్చినా దాని అంచును బొటనవేలితో తడిమి చూసేవాడు. టీ కొట్లో చిల్లర తీసుకున్నా అంతే. ఎనభైల్లో విశాఖలో డబ్బులు వేసి మాట్లాడే ఫోన్లన్నీ ఆయనే చూసేవాడు; వరసకు బావైన ఆయన కింద నేను హెల్పర్ని.

జనం నాణేలకు బదులు ఇనప వాషర్లు వేసి మాట్లాడేస్తున్నారని పైవాళ్ళు చీవాట్లు పెట్టారు. దాంతో ఆయన నాణెం దొర్లే దారిని బిగించాడు. కాస్త సన్నగా ఉన్నది ఏదైనా ఇక ఫోన్ కలవకుండా కింది గూట్లోకి తిరిగొచ్చేస్తుంది.

కొన్నాళ్ళకు చేపలరేవులో ఫోన్ పాడైందంటే ఇద్దరం వెళ్ళాం. ఫోన్ బాగానే ఉంది. మా కోసమే యారాడ అనే పల్లె నుంచి వచ్చిన ఒకామె అక్కడ కూర్చుని ఉంది. ఆ వారంలోనే పడవ మీద ఆమె మొగుడికి గుండెనొప్పి వస్తే ఈ రేవుకే తెచ్చారట. ఆస్పత్రి బండి కోసం ఆమె ఈ ఫోన్లో వేసిన అర్ధరూపాయి వేసినప్పుడల్లా కింద పడిందట. ఇంకో నాణెం కోసం పరిగెత్తి వచ్చేసరికి అతను పోయాడు.

"నాది దొంగడబ్బా బాబూ? ఏటి, సెప్పు," అంటూ ఆ బిళ్ళను ఆయన చేతిలో పెట్టింది.

ఆయన అంచు తడిమాడు.

"మంచిదేనమ్మా. అరిగిపోనాదంతే. నానే మిషన్ బిగించీసినాను."

"ఊరుకో బావా, ఉద్యోగం పోతాది," అని నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు.

ఆమె తిట్టలేదు. "మంచిదే గదా," అని నాణెం కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ వారంలో ఆయన ఊళ్ళో ఫోన్లన్నీ వదులు చేశాడు. మళ్ళీ వాషర్లు పడ్డాయి. మెమోలు వచ్చినా ఆయన వినలేదు. చివరికి ఆయన్ని స్టోర్సుకి మార్చి, ఆ పని నాకిచ్చారు. మొదటిరోజే ఫోన్లన్నీ బిగించమన్నారు.

నేను బిగించాను.